మూడో కాలు

"కర్ర ఉన్నవాడిదే బర్రె" అని సామెత. బర్రె సంగతి అలా ఉంచండి, కర్ర ఉన్నవాడిదే బాట అని నేనంటాను. ఈ జ్ఞానం నాకు అరవై దాటాక కలిగింది.

అజీజ్‌నగర్ నుంచి చిలుకూరు బాలాజీ గుడికి నడిచి వెళ్ళి, 108 ప్రదక్షిణలూ పూర్తిచేసి, మళ్ళీ నడిచే ఇల్లు చేరాలని పంతం పట్టాను. వెళ్ళడమైతే వెళ్ళాను. వచ్చేటప్పుడు కుడి మోకాలు సగం దారిలో మొరాయించింది. ఆటో ఎక్కి ఇంటికొస్తే మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే మహా బాధ!

మా అబ్బాయి వెంటనే విదేశీ నడక కర్రల బొమ్మలు చూపించాడు. ధర చూసేసరికి రెండో మోకాలు కూడా వణికింది. అటక మీద తాతగారి వెదురు కర్ర ఉండనే ఉంది. ఏది మేలు? ఈ చిక్కు తేల్చుకోవడానికే కర్రల పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను.

దూరం నడవడం మన వైపు వాళ్ళకి కొత్తేమీ కాదు. ఇక్కడికి కొద్ది మైళ్ళలోనే శివరాంపల్లి ఉంది. 1951 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా దగ్గరి పవునార్ నుంచి సుమారు 300 మైళ్ళు నడిచే వచ్చారు. అప్పటికాయనకు 55 ఏళ్ళు. అక్కణ్ణించి మళ్ళీ నడక సాగించి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తాననడం, భూదానోద్యమం పుట్టడం అందరికీ తెలిసిన కథే. అంతకు ముందు 1930లో గాంధీగారు 24 రోజులు నడిచి దండి చేరినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒట్టి వెదురు కర్ర. ఈనాటికీ ఏ ఊళ్ళో విగ్రహం పెట్టినా ఆ కర్ర లేకుండా గాంధీగారిని ఊహించలేం.

ఉగాది ముందు నల్లమలలో చూడండి. కన్నడ దేశపు భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచి వస్తారు. కొందరైతే మరగాళ్ళు కట్టుకుని మరీ వస్తారు! అంటే రెండు కర్రలనే కాళ్ళు చేసుకున్నారన్నమాట.

మరి కొత్త కర్రల గొప్ప ఏమిటి? పొడవు తగ్గించి పెంచుకునే నడక కర్రను జర్మనీలో లేకీ కంపెనీవారు 1974లో తెచ్చారు. 1999లో ఆస్ట్రియా పరిశోధకులు కొలిచి చూస్తే, 25 డిగ్రీల వాలు దిగేటప్పుడు రెండు చేతుల్లోనూ కర్రలుంటే మోకాలి మీద పడే బరువు నాలుగో వంతు దాకా తగ్గిందట. మోకాలికి అసలు శత్రువు ఎక్కడం కాదు, దిగడం!

కొనదలిస్తే కొన్ని గుర్తులు పెట్టుకోండి. కార్బన్ కర్ర తేలిక, కానీ దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం కాస్త బరువు, చవక. వంగుతుంది గాని చప్పున విరగదు. మనలాంటి వాళ్ళకి అదే నయం. మెలితిప్పి బిగించే రకం కన్నా బయట మీట నొక్కి బిగించేది నమ్మకం. కర్ర నేలకానించి పట్టుకుంటే మోచెయ్యి మూలమట్టంగా వంగాలి. ఎక్కేటప్పుడు రెండు మూడు అంగుళాలు తగ్గించాలి, దిగేటప్పుడు పెంచాలి. తారు రోడ్డు మీద మొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి.

ఇవన్నీ చదివి అటక మీది కర్ర దింపాను. మగ వెదురు, లోపల బోలు నామమాత్రం. లాఠీలు చేసేది దీంతోనే. అడుగున పొన్ను. పొడవు నా భుజం దాకా ఉంది. ఇంత పొడవెందుకా అనుకునేవాణ్ణి. ఇప్పుడర్థమైంది: ఎక్కేటప్పుడు చెయ్యి కిందికి జారిస్తే పొట్టి కర్ర, దిగేటప్పుడు పైకి జరిపితే పొడుగు కర్ర! మీటా లేదు, మరా లేదు. తాతగారు జర్మనీ వెళ్ళకుండానే ఆ పని కానిచ్చేశారు.

పొన్ను మీద రబ్బరు బుడిపె తొడిగించి చేవెళ్ళ రోడ్డెక్కాను. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, వందలాది మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తారంటే వీటి కోసం జనం ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. కారులో పోయేవాడికి ఆ నీడ విలువ తెలియదు, నడిచేవాడికే తెలుస్తుంది. ఒక మర్రి కింద కూలబడి ఊడల వంక చూశాను. కొమ్మ బరువైనప్పుడల్లా చెట్టు కూడా ఒక కర్ర దించుకుంటుంది. దానికి లేని సిగ్గు నాకెందుకు?

ఈసారి చిలుకూరు నుంచి నడిచే ఇల్లు చేరాను. మా ఆవిడ మంచినీళ్ళిస్తూ, "వచ్చే వారం నేనూ వస్తా. ఇంకో కర్ర చూడండి" అంది.