గడప దాకా వచ్చిన సర్కారు

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల్లో తెల్లవారుతూనే కవర్లలో ఎర్రమట్టి, ఎరువు కూరే ఆడకూలీలు కనిపిస్తారు. వాళ్లలో ఒకామె ఇల్లు ఊహించుకోండి. భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు. కొడుక్కి పుట్టుకతోనే కాలు చచ్చుబడింది. అత్తగారికి చూపు ఆనదు. బియ్యం కార్డుకు ఒక ఆఫీసు, పింఛనుకు ఇంకొకటి, పిల్లవాడి వైకల్యానికి కాగితం కావాలంటే పెద్దాసుపత్రి. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయినట్టే. కష్టాలన్నీ ఒకే కప్పు కింద ఉంటే, తీర్చాల్సిన వాళ్లు తలో బల్ల దగ్గరా ఉన్నారు. వాళ్లనందరినీ ఒక్క ఇంటి కోసం కలపడమెలా?

తొలి పెద్ద ప్రయత్నం 1952 అక్టోబరు 2న మొదలైంది. సమాజాభివృద్ధి పథకం పేరుతో వ్యవసాయం, ఆరోగ్యం, చదువు అన్నిటినీ బ్లాకులో ఒక అధికారి కిందికి తెచ్చి, ఊళ్లకు గ్రామసేవకులను పంపారు. ఒక్కొక్కరికి ఎన్నో ఊళ్లు, ఎన్నో పనులు. ఊరివాళ్లకు ఇందులో పాలు లేనిదే ఇది సాగదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చింది. 1975లో, మళ్లీ అక్టోబరు 2నే వచ్చిన అంగన్‌వాడీ పథకం తిండినీ టీకానూ ఆటపాటల చదువునూ ఒకచోట చేర్చింది. అది పెద్ద మెట్టే. కానీ మంచాన పడ్డ తండ్రి, చూపు లేని నాయనమ్మ దాని లెక్కలోకి రారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు దగ్గరైంది, బల్లలు మాత్రం విడివిడిగానే ఉండిపోయాయి.

అసలు మలుపు ఎవరూ అనుకోని చోట తిరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత కోసం పెట్టిన బడి ఉద్యమానికి పుట్టిల్లవుతుందని ఏ అధికారి ఊహించి ఉంటాడు? ఆ ఊపు జిల్లాలో పొదుపు సంఘాలై పాకింది. పేదరికం తగ్గించేందుకు 2000లో సెర్ప్ సంస్థ, వెలుగు పథకం వచ్చేసరికి ఊరూరా సంఘాలు సిద్ధంగా ఉన్నాయి. ముగ్గులతో నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇంట్లో పొయ్యి వెలగదో ఆ ఇంటిని ఆడవాళ్లే చూపించారు. ఇన్నేళ్ల కథలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పటమే. శాఖల జాబితాలో ఆ ఇల్లు నాలుగు పేర్లు. పటం మీద అది ఒక్క ఇల్లు. వైకల్యాన్ని ఒకే పద్ధతిలో కొలిచే సదరం ధ్రువపత్రం కూడా సెర్ప్ చేతుల మీదుగానే వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2002లో, చిలీ దేశం ఇదే చిక్కును మరో దారిలో విప్పింది. నిరుపేద కుటుంబానికి ఒక సహాయకురాలిని అప్పగించింది. ఆమె రెండేళ్లపాటు ఇంటికి వస్తూ, 53 కనీస అవసరాల్లో ఏది తీరిందో, ఏది మిగిలిందో ఇంటివాళ్లతో కూర్చుని చూసేది.

2019 అక్టోబరు 2న, అప్పటి మన తూర్పు గోదావరి జిల్లాలోనే, కాకినాడ దగ్గరి కరపలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సుమారు 2,000 మందికి ఒక సచివాలయం. వ్యవసాయం, పశువైద్యం, సంక్షేమం, ఆరోగ్యం చూసే సిబ్బంది అంతా ఒకే భవనంలో. 50 ఇళ్లకు ఒక వాలంటీరును పెట్టారు. ఏ ఇంట్లో ఎవరికి ఏం కావాలో తెలిసిన మనిషి తలుపు తట్టడం, 1952 నుంచి వెతుకుతున్న ముక్క అదే. అయితే భవనం ఒకటైనా సిబ్బంది ఎవరి శాఖకు వారు జవాబు చెప్పుకుంటూనే ఉన్నారు. 2024 ఎన్నికలప్పుడు పింఛన్ల పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం చెప్పింది. ఎన్నికలయ్యాక, ఆ ఏడాది జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ వెళ్లి పింఛను చేతిలో పెట్టారు. పింఛను ఆగలేదు. కానీ నెలకొకసారి డబ్బిచ్చే మనిషి వేరు, ఆ ఇంటి గోడు మొత్తం తెలిసిన మనిషి వేరు.

2025 ఉగాది నాడు మొదలైన పీ4 పథకం ఆ రెండో మనిషినే వెతుకుతోంది. అట్టడుగు ఇంటిని బంగారు కుటుంబం అన్నారు, దానికి అండగా నిలిచే కలిగినవారిని మార్గదర్శి అన్నారు. నా ఆశ ఒకటే: ఆ మార్గదర్శి డబ్బు ఇచ్చి ఊరుకోకుండా, ఆ ఇంటి తరఫున ఏ బల్ల ముందైనా నిలబడి పని అయ్యేదాకా అడగాలి.