విషాద శబ్దార్థ విచారము

విషాదమనగా దుఃఖమని చెప్పి విడుచుట మన పాఠశాలలలో వాడుక. నేనును చాలకాల మట్లే చెప్పితిని. ఒకనాడొక విద్యార్థి, యుద్ధమున నెవరును మడియకముందే యర్జునునకు దుఃఖమేల యని యడుగగా నాకు సమాధానము తోచలేదు. ఈ విచారమున కదియే మూలము.

వి యను నుపసర్గముతో గూడిన సద్ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరగా విషాదశబ్ద మేర్పడినది. సకారమునకు షకారము పాణినీయాష్టమాధ్యాయ తృతీయపాదవిధిచే గలిగెను. ఈ ధాతువునకు విశరణము, గతి, అవసాదనము అని మూడర్థములు. విశరణము విడిపోవుట, అవసాదనము క్రుంగుట. కావున నిందు ముఖ్యార్థము కన్నీరు గాదు, నిలుకడ సడలుట. గీత ప్రథమాధ్యాయమున నర్జునుని యవయవములు పట్టుదప్పుటకును, మనస్సు క్రుంగుటకును ఈ ధాతువే ప్రయుక్తమైనది. మొదటిచోట నుపసర్గము లేదు, రెండవచోట గలదు.

భరతుడు నాట్యశాస్త్రమున శోకమును స్థాయిభావములలోను, విషాదమును 33 వ్యభిచారిభావములలోను జేర్చెను. శోకము ఇష్టజనవియోగాదులవలన గలుగును. విషాదము పూనిన కార్యము నెరవేరమివలనను, దైవము ప్రతికూలించుటవలనను గలుగును. అట్టియెడ నుత్తమ మధ్యములు సహాయుల వెదకుదురు, ఉపాయము చింతింతురు. అధములు నోరెండి నిట్టూర్పులు విడుతురు.

అర్జునుని మనస్సు శోకముచే గలగెనని యా యధ్యాయాంతముననే యున్నది గదా, భేదమెక్కడిదని యాక్షేపింపవచ్చును. భేదమున్నను విరోధము లేదు. కరుణరసమునకు విషాదమును సంచారిగా భరతుడే పరిగణించెను. భీష్మద్రోణులు సజీవులై యెదుట నిలిచియుండగనే యర్జునుడు క్రుంగెను. అది పోయినవారికై గాదు. రాబోవు నాశమును దలచి, పూనిన కార్యము సాగింపజాలక కలిగినది. ఉత్తముడు గావుననే విల్లు విడిచియు నుపదేశము వేడెను.

గ్రీకు లిట్టి మనఃస్థితిని మెలాంకోలియా యనిరి. నల్లని పిత్తమని దాని యవయవార్థము. భయమును దిగులును చిరకాలము నిలిచిన నది యా దోషలక్షణమని హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములు చెప్పును. 1621లో రాబర్టు బర్టను ఆంగ్లమున దీనిపై మహాగ్రంథము వెలయించెను. నల్లని పిత్తమును నేటి వైద్యశాస్త్ర మంగీకరింపదు, పేరుమాత్రము మిగిలినది. ఆ పదము కారణమును బేర్కొన్నది, మన పదము స్థితిని బేర్కొన్నది. చరకుడైతే రోగమును బెంచువానిలో విషాదమే ప్రధానమనెను.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి విషాదసారంగధర మను పేరునందువలె దుఃఖాంతనాటకములకును ఈ పదము చెల్లుచున్నది. అది యర్థవిస్తారమే గాని మూలార్థము గాదు. మూలార్థమును మన తెనుగే కాపాడినది. బరువుచే నేల క్రుంగును, మనస్సును క్రుంగును. నేటి వైద్యులును కుంగుబాటనియే వ్యవహరించుచున్నారు. కావున క్రుంగినవానిని జూచి యెవరు పోయిరని యడుగరాదు. ఏ బరువు మోయలేకున్నావని యడుగవలెను. ఆ విద్యార్థి కీయవలసిన సమాధాన మిదియే.