ఒక్క నిమిషం యుద్ధం చేసిన ఊరు

యుద్ధం ప్రకటించి, నిమిషంలో లొంగిపోయి, ఆ వెంటనే శత్రువు ముందే చెయ్యి చాచిన దేశం గురించి ఎప్పుడైనా విన్నారా? అమెరికా దక్షిణపు కొసన, ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న కీ వెస్ట్ అనే దీవి పట్టణం 1982 ఏప్రిల్ 23న సరిగ్గా ఆ పనే చేసింది.

కీ వెస్ట్ ఉన్న దీవుల వరుసకూ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్నది ఒకటే పెద్ద రోడ్డు. దాని మీద ఫ్లోరిడా సిటీ దగ్గర సరిహద్దు గస్తీ సిబ్బంది తనిఖీ పెట్టారు. దొంగచాటుగా దేశంలోకి వచ్చేవాళ్ల కోసం, మాదకద్రవ్యాల కోసం కార్లన్నీ సోదా చేయసాగారు. బండ్లు మైళ్లకొద్దీ ఆగిపోయాయి. హోటళ్లలో బుకింగులు రద్దయ్యాయి. కోర్టుకెక్కినా పని జరగలేదు. పరాయిదేశం వాళ్లలా సోదా చేస్తుంటే పరాయిదేశమే అయిపోదామని డెనిస్ వార్డ్‌లో అనే మేయర్ ‘కాంక్ రిపబ్లిక్’ను ప్రకటించేశాడు. తానే ప్రధానమంత్రి. నౌకాదళం యూనిఫాం వేసుకున్న ఒకాయన నెత్తిమీద ఎండిపోయిన క్యూబా రొట్టె విరగ్గొట్టడంతో యుద్ధం మొదలైంది. నిమిషం తర్వాత లొంగిపోయి, వంద కోట్ల డాలర్ల సాయం అడిగారు. డబ్బు రాలేదు గానీ తనిఖీ మాత్రం ఎత్తేశారు. కాంక్ అంటే శంఖం, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఊళ్లో పేరు కూడా అదే. మనకు శంఖం పూరిస్తే యుద్ధం. వీళ్లు ఏటా శంఖం ఊదే పోటీ పెట్టుకుని సంబరపడతారు.

ఇదంతా తిక్క అనిపిస్తుంది. నన్నడిగితే పక్కా లోకజ్ఞానం. ఈ దీవిలో పంట పండదు, నది లేదు. 1942లో నౌకాదళం ప్రధాన భూభాగం నుంచి పైపులైను వేసేదాకా ఇళ్ల కప్పుల మీద పడిన వాననీళ్లే తొట్లలో పట్టుకుని తాగారు. అలాంటి ఊరు, ఒడ్డుకు ఏది కొట్టుకొచ్చినా సొమ్ము చేసుకోవడం నేర్చుకుంది.

మొదట కొట్టుకొచ్చినవి ఓడలు. 1822లో అమెరికా జెండా ఎగిరాక ఇక్కడ స్థిరపడినవాళ్లలో చాలామంది బహామాస్ దీవుల నుంచి వచ్చిన నావికులు. దీవుల పొడవునా నీళ్ల కింద పగడపు దిబ్బలున్నాయి. న్యూ ఆర్లియన్స్ నుంచి పత్తి బేళ్లతో వచ్చే ఓడలు వాటికి తగిలి చీలిపోయేవి. చెక్క బురుజులెక్కి సముద్రం వైపు చూస్తుండే కావలివాడు కేక వేయగానే ఊళ్లో మగవాళ్లంతా పడవల వైపు పరుగు. ముందు చేరిన పడవ కెప్టెనే ఆ ఓడకు పెద్ద. ఎవరిని పనిలో పెట్టుకోవాలో ఆయన ఇష్టం. ముందు ప్రాణాలు, తర్వాత సరుకు. ఊపిరి బిగబట్టి నీళ్లు నిండిన ఓడ కడుపులోకి దూకి బేళ్లు బయటికి లాగేవారు. దోపిడీ అనుకోకండి, లైసెన్సున్న వృత్తి ఇది. వాటా ఎంతో కోర్టు తేల్చేది, సరుకు వేలం వేసేవారు. 1850ల నాటికి తలసరి లెక్కన అమెరికాలోకెల్లా ధనిక పట్టణం ఇదేనని చెప్పుకునేవారు. చర్చిలో ప్రసంగిస్తున్న పాస్టరు కిటికీలోంచి చిక్కుకున్న ఓడను చూసి, మాట ఆపకుండానే వేదిక దిగి గుమ్మం దాకా నడిచి, తనే ముందుండేలా చూసుకుని అప్పుడు కేక వేశాడని ఒక కథ. నిజమో కాదో గానీ ఊరి స్వభావం అందులో ఉంది. దిబ్బల మీద దీపస్తంభాలు లేచాయి, ఆవిరి ఓడలొచ్చాయి, ఆ రాబడి పడిపోయింది.

తర్వాత క్యూబా వాళ్లు వచ్చారు. 1868లో స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలయ్యాక తొంభై మైళ్ల సముద్రం దాటి చుట్టల కార్మికులు ఇక్కడ చేరారు. ఫ్యాక్టరీలో వరసగా కూర్చుని పొగాకు చుడుతుంటే, ఎత్తయిన పీటమీద ఒకడు రోజంతా వార్తాపత్రికలు, నవలలు గట్టిగా చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని ఇచ్చేది కాదు, కార్మికులే చందా వేసుకుని ఇచ్చుకునేవారు. 1871లో పెట్టిన శాన్ కార్లోస్ సంస్థలో క్యూబా స్వాతంత్ర్య నాయకుడు హోసే మార్తీ ప్రసంగించాడు. 1886 అగ్నిప్రమాదం తర్వాత పెద్ద ఫ్యాక్టరీ యజమాని ఇబోర్ టాంపాకు తరలిపోవడంతో ఆ కళా తగ్గింది.

1934కల్లా పురపాలక సంఘం దివాలా తీసింది. ఊళ్లో ఎక్కువమంది ప్రభుత్వ సాయం మీదే బతుకుతున్నారు. సహాయ కార్యక్రమాల అధికారి జూలియస్ స్టోన్ వచ్చి, ఊరు ఊడ్చుకోండి, ఇళ్లకు రంగులేయండి, యాత్రికులను పిలవండి అన్నాడు. చిత్రకారులను జీతానికి పెట్టి ఊరి బొమ్మలు గీయించాడు. మరుసటి ఏడు తుపాను రైలు మార్గాన్ని తుడిచిపెట్టింది. హెన్రీ ఫ్లాగ్లర్ సముద్రం మీద వంతెనలు కట్టించి 1912లో తెచ్చిన రైలు అది. ఆ తుపానులో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది రోడ్డు పనికి వచ్చిన మాజీ సైనికులు. మిగిలిన రైలు వంతెనల మీదే రోడ్డు వేసి 1938లో తెరిచారు. మయామీ నుంచి మీరు వెళ్లేది దాని వారసురాలి మీదే.

రచయిత హెమింగ్వే ఇల్లు, అక్కడి ఆరువేళ్ల పిల్లులు ఎలాగూ అందరూ చూపిస్తారు. నేను చెప్పేది శ్మశానం గురించి. 1846 తుపానుకు సముద్రపుటొడ్డున ఉన్న పాతది కొట్టుకుపోతే, మరుసటి ఏడు ఊరి మధ్య ఎత్తుమీద పెట్టారు. కింద రాయి కాబట్టి చాలా సమాధులు నేల మీదే అరలు అరలుగా ఉంటాయి. ఒక పలక మీద ‘జబ్బు చేసిందని చెప్పానుగా’ అని చెక్కి ఉంది. వేరే ఊళ్లో అయితే బంధువులు ఒప్పుకునేవారా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు ఫ్లోరిడా అంటే ఓర్లాండోతో సరిపెట్టుకుంటారు. మయామీ దాకా వెళ్తే మరో 160 మైళ్లే కదా, ఇదీ చూసి రండి. జూన్ నుంచి నవంబరు వరకు తుపాన్ల కాలం కాబట్టి చలికాలం మేలు. వీధుల్లో కోళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, ముచ్చటపడి గింజలు వేయకండి. ఆ పని అక్కడ నిషేధం.