అరటి పిలకనుండి సీసా మొక్క దాకా



నిజాంసాగరు కాలువల క్రింద చెరకు సాగు చేసిన బాన్సువాడ ప్రాంతపు రైతుకు ఒక సంగతి మేము చెప్పనక్కరలేదు. ముచ్చెలో ఎర్రకుళ్ళు ఉన్నదంటే తోటకంతటికీ ముప్పే. అరటి సంగతీ అంతే. మనం తినే అరటిలో మొలిచే గింజ లేదు. తల్లి దుంపనుండి పిలక తీసి నాటుతాము. పిలకతోపాటు తల్లి గుణమూ వస్తుంది, తల్లి జబ్బూ వస్తుంది.

ఆ జబ్బులు ఎంత దూరం పోతాయో చూడండి. వెర్రితల తెగులు 1940 ప్రాంతంలో సింహళంనుండి కేరళకు వచ్చింది. ఈ తెగులు సోకిన చెట్టు ఆకులు కురచబారి గుత్తిగా నిలుస్తాయి. గెల సరిగా వేయదు. పిలకలవెంట, పేనుబంకవెంట అది ఇతర రాష్ట్రాలకు పాకింది. రెండవది పనామా తెగులు. ఇది నేలలో ఉండే శిలీంధ్రంవల్ల వస్తుంది. గోదావరి జిల్లాల అమృతపాణి తోటలను ఇది దెబ్బతీసింది. మధ్య అమెరికాలో గ్రోమిషెల్ రకం తోటలు దీనితోనే పాడై, 1960 నాటికి కావెండిష్ రకాలు వాటి చోటికి వచ్చాయి.

మరి జబ్బులేని పిలకను తెచ్చేదెట్లా? 1902లో హాబర్లాండ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు మొక్క కణాలను విడదీసి పెంచవచ్చునన్నాడు. ఆయన ప్రయత్నం ఫలించలేదు. 1952లో ఫ్రాన్సు దేశంలో మోరెల్, మార్టిన్ అనేవారు వైరస్ సోకిన డాలియా చిగురుకొననుండి జబ్బులేని మొక్కను తీశారు. 1962లో మురషిగె, స్కూగ్ అనేవారు కణాలకు కావలసిన లవణాల పాళ్ళు తేల్చారు. 1972లో తైవాను శాస్త్రజ్ఞులు అరటి మొగ్గకొనను ఇట్లా పెంచి పిలకలు వేయించారు.

పద్ధతి ఏమంటే, పిలక పొరలు ఒలిచి, లోపలి మొగ్గను మందునీటితో శుభ్రపరచి, చక్కెర, లవణాలు, పెరుగుదల మందులు కలిపిన జావలో, సీసాలో ఉంచుతారు. అది వేసిన పిలకలను విడదీసి మళ్ళీ పెంచుతారు. వేళ్ళు వచ్చాక నీడలో సంచులలో పెట్టి, కొన్ని వారాలు ఎండగాలికి అలవాటు చేస్తారు. అయితే తల్లిలో వైరస్ ఉంటే సీసా మొక్కలోకీ రావచ్చును. కనుక తల్లిని ముందుగా పరీక్షించి తీరవలెను.

మరొక మాట. సీసా మొక్క శుభ్రమైనదే గాని, తెగులును తట్టుకునేది కాదు. తైవానులో 1967లో కావెండిష్ తోటలకే ఎండు తెగులు కనిపించింది. జబ్బు నేలలో నాటితే శుభ్రమైన మొక్క కూడా ఎండిపోతుంది. అందుకని అక్కడ అరటి తీసిన నేలలో నీరు నిలిపి వరి వేసి చూడగా తెగులు తగ్గింది. సీసాలో పెంచినప్పుడు కొన్ని మొక్కలు తేడాగా వస్తాయి. వాటిలోనుండి తెగులును ఓర్చుకునేవాటిని కూడా వారు ఏరుకున్నారు.

మనదేశంలో 1990లలో మహారాష్ట్రలోని జలగాం ప్రాంతంలో గ్రాండ్ నైన్ సీసా మొక్కలు వ్యాపించాయి. తర్వాత కడప, అనంతపురం జిల్లాల రైతులూ వాటిని చేపట్టారు. 2006లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఇటువంటి మొక్కలకు ధ్రువీకరణ పద్ధతి ఏర్పరచింది.

కాబట్టి మొక్కలు కొనేముందు ఆ ధ్రువపత్రం అడిగి చూడండి. ఎండు తెగులు వచ్చిన తోటనుండి పిలకగాని, మట్టిగాని, కడగని పారగాని తేవద్దు. ఆ నేలలో వెంటనే అరటి పెట్టక, నీరుంటే వరి వేయండి. విస్తరణాధికారులు ఈ రెండు మాటలూ తోటకు అచ్చు కట్టకముందే రైతు చెవిని వేయవలెను.