వెండితెర మీది ఇటలీ, నేల మీది ఇటలీ

ప్రతి క్షేత్రమునకును ఒక స్థలపురాణ ముండును. భద్రాచలము వెళ్ళినవారు పర్ణశాలకు కూడ పోయి, సీతమ్మవారు చీర ఆరవేసిన గుర్తులని చూపెడు రాతిచారలను కన్నుల కద్దుకొని వత్తురు. చూచినది ఒక రాయి. కాని తాము విన్న కథ ఒకానొక నేలమీద కాలూని నిలిచియున్నదన్న తృప్తి వారికి కలుగును. మన కాలములో చలనచిత్రము కూడ ఇట్టి స్థలపురాణములను కల్పించినది. దేశాటనము చేయువారిలో చాలమంది నేడు కోటలను, గుళ్ళను చూచినంత శ్రద్ధతోనే, ఫలానా సినిమాలో ఫలానా దృశ్యము తీసిన వీధి ఎక్కడ అని వెదకుచున్నారు. దీనిని వట్టి వెఱ్ఱి యని కొట్టివేయుట సులభము. ఇటలీ విషయములో మాత్రము అట్లు కొట్టివేయుటకు వీలులేదని నా అభిప్రాయము. అక్కడ ఆ వీధులను వెదకుచు పోయినవాడు, తెలిసియో తెలియకయో, ఆ దేశపు ఇరువదవ శతాబ్ది చరిత్రలోనికే నడిచిపోవును.

ఇందుకు కారణము యుద్ధము. 1937 ఏప్రిల్ 28వ తేదీన ముసోలినీ రోమ్ నగరపు శివార్లలో చినెచిత్తా అను పెద్ద స్టూడియోను ప్రారంభించినాడు. 'సినిమా నగరము' అని ఆ మాట కర్థము. కావలసిన రాజభవనములను, కావలసిన వీధులను అక్కడ కర్రతోను, సున్నముతోను కట్టుకొనవచ్చును. బయటి ప్రపంచముతో పని లేదు. యుద్ధము వచ్చి ఆ స్టూడియో బాంబులపాలైనది. లోపలి సామగ్రిని జర్మనులు తరలించుకొని పోయినారు. యుద్ధము ముగియునాటికి, రాజభవనములు కట్టిన ఆ ఫ్లోర్లలో ఇండ్లు కోల్పోయిన శరణార్థులు పొయ్యిలు పెట్టుకొని కాపురము చేయుచుండిరి. సినిమా తీయువారికి తలదాచుకొన చోటు లేక వీధిన పడినారు. ఈ మాటను దాని రెండర్థములలోను తీసుకొనవచ్చును. విమర్శకులు తరువాత ఆ చిత్రములకు నవ్యవాస్తవికత అని గంభీరమైన పేరు పెట్టినారు. అందులో ఆశయమెంత కలదో, అవసరమును అంతయే కలదు.

రోమ్ నగరమునకు 1944 జూన్ 4వ తేదీన నాజీల నుండి విముక్తి లభించినది. ఆరేడు నెలలైనను గడచినవో లేదో, 1945 జనవరిలో, రోబెర్తో రొసెల్లినీ అను దర్శకుడు 'రోమ్, ఓపెన్ సిటీ' అను చిత్రమునకు పూనుకొన్నాడు. ఫిలిము దొరకని రోజులవి. ఆ చిత్రము చూచినవారు ఒక్క దృశ్యమును మరువలేరు. ఆనాడే పెండ్లి కావలసిన పీనా అను గర్భిణి, తన వానిని జర్మనులు లారీ ఎక్కించి తీసికొనిపోవుచుండగా, సైనికులను తప్పించుకొని, వాని పేరు పెట్టి అరచుచు లారీ వెంట పరుగెత్తును. తుపాకి ప్రేలును. ఆమె నడివీధిలో కూలిపోవును. ఆ పాత్ర ధరించినది అన్నా మాన్యానీ. ఆ వీధి పేరు వియా మోంతెకూకొలి. నగరమునకు తూర్పున ప్రెనెస్తీనో ప్రాంతమున ఉన్నది. బీదసాదలుండు ఎత్తయిన ఇండ్లు, సన్నని వీధి. చిత్రమునందు అభిమానము గలవారు నేటికిని అక్కడికి వచ్చి, ఏ గుమ్మము నుండి ఆమె బయటికి పరుగెత్తినదో గుర్తుపట్టుటకు ప్రయత్నింతురు.

అయితే ఈ కథకు రెండవ స్థలము కలదు. అది టైబరు నదికి పడమట, వాటికనుకు దగ్గరగా, వియాలే జూలియో చేజరే అను విశాలమైన రాజవీధి. 1944 మార్చి 3వ తేదీన, జర్మనులు పట్టి సైనికుల బారకాసులో నిర్బంధించిన మగవారిని విడువుమని కోరుచు వారి ఇంటి ఆడవారు అక్కడ గుమిగూడినారు. వారిలో తెరేసా గుల్లాచే అను నామె ఐదుగురు బిడ్డల తల్లి. అప్పటికి మరల గర్భవతి. భర్తను సమీపింపబోయిన ఆమెను ఒక జర్మను సైనికుడు కాల్చి చంపినాడు. ఈ ఘటనయే పీనా మరణమునకు మూలము. ఇక్కడ గోడమీద ఆమె పేరుతో ఒక స్మారకఫలకము కలదు.

ఏది నిజమైన స్థలము? కల్పన జరిగిన వీధియా, హత్య జరిగిన వీధియా? ప్రశ్న తేలికగా కనిపించునుగాని తేలికైనది కాదు. గుల్లాచే చనిపోయిన చోట ఏ కెమెరాయు లేదు. ఆమె మరణమును లోకమునకు తెలిపినది ఏడాది తరువాత మరొక వీధిలో మరొక స్త్రీ పడిన పాటు. నటి పడిన చోటు మాత్రమే చూచి వచ్చిన యాత్రికుడు సగము యాత్ర చేసినవాడు. నన్నడిగినచో ముందుగా వియాలే జూలియో చేజరేకు పోయి, ఆ ఫలకము చదివి, పిదప నది దాటి రెండవ వీధికి పోవలెనని చెప్పుదును.

1948లో విత్తోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' చిత్రమునకు మనతో కొంత సంబంధము కూడ ఉన్నది. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో దానిని ప్రదర్శించినారు. బొంబాయిలో ప్రారంభమైన ఆ ఉత్సవము మద్రాసునకు కూడ వచ్చినది. తెలుగు చిత్రములు మద్రాసు స్టూడియోల నాలుగు గోడల నడుమ తయారగుచుండిన రోజులవి. కెమెరాను వీధిలోనికి మోసికొని పోయి, నటన ఎరుగని ఒక కార్ఖానా కూలిని కథానాయకుని చేయవచ్చునన్న సంగతి ఎందరినో ఆలోచింపజేసినది. మరుసటి సంవత్సరమే బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' తీసి, తన రైతును కలకత్తా వీధులలో రిక్షా లాగించినాడు.

'బైసికిల్ థీవ్స్' నాయకుడు రిచ్చీ కాపురమున్నది రోమ్ నగరపు ఉత్తరపు అంచున గల వల్ మెలైనా. చిత్రములో ఆ బస్తీ చూడుడు: కొత్తగా కట్టిన ఎత్తయిన ఇండ్లు, చుట్టును బోడినేల. ఇంట నీరు లేదు. రిచ్చీ భార్య వీధి కొళాయి నుండి బకెట్లతో నీరు మోసుకొని వచ్చును. పట్టణమున పని దొరకవలెనన్న సైకిలు కావలెను. సైకిలు కుదువనుండి విడిపించుటకు ఆమె పక్కదుప్పట్లు ఊడదీసి తాకట్టు పెట్టును. అంత దూరమున బీదవారిని పారవేసి ఇండ్లు కట్టించిన పాలన ఎట్టిదో ఆ ఒక్క దృశ్యమే చెప్పును. నేడు వల్ మెలైనా చుట్టును బోడినేల లేదు. నగరము దానిని ఎన్నడో మింగివేసినది. 2015లో ఆ ప్రాంతమునకు భూగర్భ రైలు కూడ వచ్చినది. రిచ్చీకి ఇప్పుడు సైకిలుతో పని లేదు. చిత్రము చివర, దిక్కుతోచక రిచ్చీ తానే మరొకరి సైకిలు దొంగిలింపబోయినది ఆటల మైదానము దాపున. ఆ పాత స్టేడియమును పడగొట్టి, 1960 ఒలింపిక్సు కొరకు నేర్వి అను ప్రసిద్ధ శిల్పి అక్కడనే కొత్తది కట్టినాడు. అదియు 2011 తరువాత చాలకాలము ఆటలు లేక పాడుపడినది. రిచ్చీ పాత్ర ధరించిన లాంబెర్తో మజ్జొరానీ చిత్రము తరువాత తన కార్ఖానాకు తిరిగిపోయెను గాని ఆ ఉద్యోగము నిలువలేదు. ఇతనికి సినిమాలో బోలెడు ధనము వచ్చియుండునని అందరును అనుకొన్నారట!

ఇక యాత్రికులందరును పోవు చోట్లను గూర్చి ఎక్కువ చెప్పను. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే'లో ఆడ్రీ హెప్‌బర్న్ కూర్చుండి ఐస్‌క్రీము తిన్న స్పానిష్ మెట్లమీద 2019 నుండి కూర్చొనుట నిషేధము; కూర్చున్నవారికి జరిమానా. రాకుమారి చేయిపెట్టి బెదరిన 'సత్యముఖము' అను రాతిముఖము ముందు నేటికిని జనము వరుస కట్టి, ఒక్కొక్కరే చేయిపెట్టి ఫోటో తీయించుకొని పోవుదురు. ఆ రాయి ప్రాచీన కాలమున మురుగుకాలువ మూత అయియుండునని పండితులు కొందరందురు. 1960 నాటి ఫెల్లినీ చిత్రము 'లా దోల్చే వీతా' వలన త్రేవి జలయంత్రమునకు కలిగిన కీర్తి వేరుగ చెప్ప నక్కరలేదు. 1996లో ఆ చిత్రనాయకుడు మాస్త్రొయాన్ని మరణించినప్పుడు ఆ నీటిధారలను ఆపి, నల్లని బట్టలు కప్పి సంతాపము తెలిపినారు. అదే చిత్రములోని విలాసవీథి వియా వెనెతోను చూడబోయినవారు ఒక చిత్రమైన విషయము తెలిసికొనవలెను. చిత్రములో కనిపించు వియా వెనెతో చాలవరకు ఆ వీధి కాదు. చినెచిత్తాలో కట్టిన సెట్టు. అప్పటికి శరణార్థులు వెళ్ళిపోయినారు, అమెరికా డబ్బు వచ్చినది, స్టూడియో మరల బ్రతికినది. వీధిన పడిన సినిమా మరల ఇల్లు చేరినది.

రోమ్ విడిచి దక్షిణమునకు పోవుదము. ఇటలీ మడమ దగ్గర, లుకానియా సీమలో మతేరా అను పట్టణ మున్నది. లోయ అంచున మెత్తని సున్నపురాతిని తొలిచి, గుహ మీద గుహగా జనులు వేల యేండ్లుగా కాపురమున్న చోటు. ఆ గుహల వాడలకు సస్సీ అని పేరు. 'రాళ్ళు' అని అర్థము. కార్లో లేవి అను చిత్రకారుడు, వైద్యుడు, ముసోలినీ ప్రభుత్వముచే ఆ సీమకు ప్రవాసమంపబడి, 'క్రీస్తు ఎబోలి వద్దనే ఆగిపోయినాడు' అను గ్రంథమును 1945లో ప్రకటించినాడు. అందులో ఆయన సోదరి మతేరాలో తాను చూచినది చెప్పును. ఒక్క గుహలోనే తల్లిదండ్రులు, బిడ్డలు, కంచరగాడిద, పందులు. కండ్లకలకతో, మలేరియాతో వడలిన పిల్లలు ఆమె వెంటబడినారు. కాసులకై కాబోలునని ఆమె చేయి సాచగా, వారు అడిగినది కాసులు కాదు, క్వినైను.

ఆ పుస్తకము దేశమునకు సిగ్గు కలిగించినది. 1950లో ప్రధానమంత్రి దె గాస్పెరి స్వయముగా వచ్చి చూచినాడు. 1952లో ఒక ప్రత్యేక శాసనము చేసి, సుమారు పదునైదువేల మందిని గుహల నుండి కొత్త ఇండ్లకు తరలించుటకు పూనుకొన్నారు. అది చాల ఏండ్లు సాగినది. కొత్త ఇండ్లలో నీరు, వెలుతురు ఉన్నవి. కాని గుహల ముందు నాలుగైదు కుటుంబములకు ఉమ్మడిగా ఉండు వాకిలి, బావి, ఆ ఇరుగుపొరుగు అక్కడ లేవు. లా మార్తెల్లా అను కొత్త పల్లెను కట్టిన శిల్పులు ఆ వాకిళ్ళను మరల కల్పింపవలెనని పాటుపడినారు. పాక్షికముగా మాత్రమే ఫలించినది.

గుహలు ఖాళీ యగుచుండగా సినిమా వచ్చినది. పియర్ పావొలో పసోలినీ మత్తయి సువార్తను చిత్రముగా తీయదలచి, 1963లో స్థలములు వెదకుటకు పాలస్తీనా పోయినాడు. అక్కడ కొత్త భవనములు, కొత్త వ్యవసాయ క్షేత్రములు కనిపించి, క్రీస్తు కాలపు జాడ దొరకలేదు. తిరిగివచ్చి మతేరాను యెరూషలేముగా చేసికొన్నాడు. చిత్రము 1964లో విడుదలైనది. ఒక సెట్టు కట్ట నక్కరలేకపోయినది. ఈ సంగతిని కళాదృష్టితో అందరును మెచ్చుకొందురు. నేనును మెచ్చుకొందును, ఆ చిత్రము గొప్పది. కాని రెండువేల యేండ్ల నాటి పాలస్తీనాను చూపుటకు ఇరువదవ శతాబ్దపు ఇటలీ పట్టణము మార్చకుండగనే సరిపోయినదన్న మాటలో, ఆ పట్టణమును ఎవరు ఎంతకాలము మరచిరన్న ప్రశ్న కూడ ఇమిడియున్నది. పసోలినీకి ఇది తెలియకపోలేదు. క్రీస్తు చుట్టును గుమిగూడిన ముఖములు ఆ ప్రాంతపు రైతుల ముఖములే.

తరువాతి కథ తలక్రిందులైనది. 1993లో యునెస్కో ఆ గుహలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. 2004లో విడుదలైన మెల్ గిబ్సన్ చిత్రమునకు మతేరా మరల యెరూషలేమైనది. 2019లో అది ఐరోపా సాంస్కృతిక రాజధాని; 2021లో విడుదలైన జేమ్స్ బాండ్ చిత్రములో ఆ సందులలోనే కార్ల వేట. కంచరగాడిదతో కలిసి పండుకొన్న గుహలో నేడు హోటలు గది, దీపాలంకారము. ఊరివారికి జీవనోపాధి కలిగినందుకు సంతోషింపవలసినదే. అయినను అక్కడికి పోయినవారు పూర్వపు సామానుతో సర్ది చూపెడు ఒక గుహాగృహము కలదు, అది చూడక రాకుడు. మంచము ఎంత ఎత్తుగా నున్నదో, దాని క్రింద ఏమేమి పెట్టుకొనిరో చూచినచో, పక్క గుహలోని హోటలు గది వేరుగా కనిపించును.

చివరకు సిసిలీ ద్వీపము. కాటానియాకు ఉత్తరమున ఆచి త్రేజ్జా అను బెస్తపల్లె. ఎదుట సముద్రములో నల్లని రాళ్ళు నిటారుగా నిలిచియుండును. ఒంటికంటి రాక్షసుడు యులిసీసు ఓడపై విసరిన రాళ్ళివియే యని అక్కడి పురాణము. ఈ పల్లె కథనే జొవాన్ని వేర్గా 1881లో నవలగా వ్రాసినాడు. ఆ నవల ఆధారముగా 1948లో లూకీనో విస్కోంతి 'లా తెర్రా త్రేమా' తీసినాడు. 'భూమి కంపించుచున్నది' అని అర్థము. చేపలకు ధర నిర్ణయించు టోకు వర్తకులను ఎదిరించి, ఇల్లు తాకట్టు పెట్టి సొంతముగా పట్టిన చేపలను తామే అమ్ముకొనదలచిన ఒక కుటుంబము తుఫానులో పడవను, పిదప ఇంటిని పోగొట్టుకొనుట కథ. నటించినవారందరును ఆ పల్లెవారే. వారు మాటలాడినది తమ పల్లె భాష. ఇటలీలోనే తక్కినవారికి అది అర్థము కాక, వెనుకనుండి ఇటాలియనులో వ్యాఖ్యానము చదువవలసి వచ్చినది. సిసిలీలో ఇటాలియను బీదవారి భాష కాదని చిత్రారంభముననే వ్రాసి చూపినారు. నటీనటుల పట్టికలో మాత్రము వారి పేర్లు లేవు. సిసిలీ జాలరులు అని మాత్రమున్నది.

ఆ పల్లెలో ఒక చిన్న ఇంటిని ప్రదర్శనశాలగా చేసి, ఆ చిత్రీకరణనాటి ఛాయాచిత్రములను ఉంచినారు. వేర్గా నవలలో ఆ కుటుంబము పోగొట్టుకొన్న ఇంటి పేరే దానికి పెట్టినారు. కాటానియా నుండి బస్సులో పోవచ్చును. తెల్లవారకముందే రేవు చేరుట మేలు. చిత్రము మొదలగునది కూడ ఆ వేళనే: పడవలు ఒడ్డునకు వచ్చుచుండును, టోకు వర్తకులు అప్పటికే వచ్చి నిలుచుండి యుందురు.