నారాయణపేట చుట్టుపట్ల క్రైస్తవ శాఖలు: ఒక చారిత్రక పరిశీలన

క్రైస్తవ శాఖలను గూర్చి ముస్లిం పండితులు వ్రాయడం కొత్త సంగతి కాదు. 12వ శతాబ్దిలో జీవించిన షహ్రస్తానీ తన ‘అల్ మిలల్ వన్నిహల్’ గ్రంథంలో మల్కానీయ, నస్తూరీయ, యాఖూబీయ శాఖలను వేర్వేరుగా పేర్కొని, ఏసు ప్రవక్త స్వభావాన్ని గురించి వారిలో వారికి గల విభేదాలను వివరించాడు. గ్రంథప్రజలను ఒకే గాటన కట్టరాదన్న సూచన దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరాలోనే ఉన్నది. అయినప్పటికీ తెలంగాణా ముస్లింల వాడుకలో ఈసాయీలంటే అందరూ ఒకటే. పైగా వారి మతం ఇంగ్లీషు ప్రభుత్వం వెంట వచ్చిన మతమన్న అభిప్రాయం కూడా బలంగా ఉన్నది. దక్షిణ తెలంగాణాకు సంబంధించినంతవరకు ఈ రెండు అభిప్రాయాలూ నిలిచేవి కావు. షహ్రస్తానీ పద్ధతిలో సిద్ధాంత భేదాలను మాత్రమే పరిశీలించినా ఇక్కడి శాఖల స్వరూపం బోధపడదు. ఇక్కడ శాఖను నిర్ణయించింది ప్రధానంగా సరిహద్దు.

నాలుగు దిక్కులు, నాలుగు శాఖలు

నారాయణపేట చేనేత చీరలకు పేరుపొందిన పట్టణం. తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ వినవచ్చే సరిహద్దు ప్రాంతం. చిరకాలం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండి, 2019 ఫిబ్రవరి 17న ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. ఇక్కడ నిలబడి చూస్తే క్రైస్తవ శాఖల పటం స్పష్టంగా కనిపిస్తుంది. నారాయణపేట, మక్తల్ మొదలుకొని మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వరకు మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ. జనం నోట అది ‘ఎం.బి. చర్చి’. పశ్చిమాన యాద్గీరులోను, ఉత్తరాన వికారాబాదులోను అమెరికన్ మెథడిస్టు మిషన్ నెలకొల్పిన సంఘాలు. వికారాబాదు దాటి మెదకు చేరితే బ్రిటిష్ వెస్లియన్ మిషన్ క్షేత్రం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి వారిదే. కృష్ణ దాటి కర్నూలు వెళ్తే బాప్టిస్టులు. తూర్పున నల్గొండలోనూ బాప్టిస్టులే.

ఒక్కొక్క శాఖ ఒక్కొక్క తాలూకాలో పాతుకొనడం యాదృచ్ఛికం కాదు. ఒక మిషన్ పనిచేస్తున్న తావులో మరొకటి అడుగు పెట్టరాదని ప్రొటెస్టెంటు మిషన్లు తమలో తాము ఒడంబడిక చేసుకున్నాయి. ఆనాడు రెవెన్యూ హద్దులు, రైలుమార్గాలు, నదులు మతశాఖల హద్దులైనాయి. రోమన్ కథొలిక్కులు ఈ ఒడంబడికలో చేరలేదు. హైదరాబాదు కేంద్రంగా 1886లో వారి మేత్రాసనం ఏర్పడింది. నల్గొండ మేత్రాసనం 1976లో వచ్చింది.

ఇది ఇక్కడి వింత కాదు

నివసించే చోటును బట్టి మతశాఖ నిర్ణయం కావడం ఐరోపాలోనూ జరిగింది. 1555 నాటి ఆగ్స్‌బర్గు సంధి జర్మన్ సామ్రాజ్యంలో ప్రభువు ఏ శాఖవాడైతే ప్రజలదీ అదే శాఖ అన్న సూత్రానికి చట్టబద్ధత కల్పించింది. స్లొవాకులు నివసించే దేశం అప్పుడు హంగరీ రాజ్యంలో భాగం. ఆ సంధి అక్కడ వర్తించకపోయినా గ్రామంలోని చర్చి ఏ శాఖదన్నది చాలావరకు భూస్వామి మొగ్గును బట్టి ఉండేది. 16వ శతాబ్దిలో అక్కడ లూథరన్ శాఖ ప్రబలింది. తరువాత హాబ్స్‌బర్గు పాలకుల ఒత్తిడితో కథొలిక్కు శాఖ తిరిగి పైచేయి సాధించింది. 2021 జనగణన ప్రకారం స్లొవాకియాలో రోమన్ కథొలిక్కులు సుమారు 56 శాతం, లూథరన్లు 5 శాతం, గ్రీకు కథొలిక్కులు 4 శాతం.

ముస్లింల ఫిఖహ్ మజహబుల విషయమూ ఇందుకు భిన్నం కాదు. దక్కనులో అత్యధికులు హనఫీలు. భట్కల్, కొంకణ తీరం, మలబారులలో షాఫియీలు. హైదరాబాదులోని బార్కాస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బు కుటుంబాలు షాఫియీ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఇమాం అబూ హనీఫా, ఇమాం షాఫియీల వాదనలను తూచి చూచి ఒకదానిని ఎన్నుకున్న సామాన్యులు ఎక్కడా కనబడరు. ఓడలు ఏ రేవు నుండి వచ్చాయి, ఉలమా ఏ దారిన వచ్చారు అన్నదే నిర్ణాయకమైంది. ఈ సంగతి ఎరిగినవారు పొరుగువారి శాఖను చూచి ఆశ్చర్యపడవలసిన పని లేదు.

రష్యా రైతుల మిషన్

మెన్నొనైట్ల మూలం 1525లో జ్యూరిచ్‌లో తలెత్తిన అనాబాప్టిస్టు ఉద్యమంలో ఉన్నది. శిశువులకు బాప్తిస్మం చెల్లదని, తెలిసి విశ్వసించినవారికే అది ఇవ్వాలని, క్రైస్తవుడు ఆయుధం పట్టరాదని ఆ ఉద్యమంవారి సిద్ధాంతం. అందువల్ల వారు కథొలిక్కు ప్రభువుల చేతా, ప్రొటెస్టెంటు ప్రభువుల చేతా హింసకు గురైనారు. వారిలో ఒక పాయ పశ్చిమ స్లొవాకియాలోని సోబొతిష్టే వంటి గ్రామాలలో తలదాచుకొని హాబన్లన్న పేరుతో కుమ్మరపనిలో ప్రసిద్ధి పొందింది. 18వ శతాబ్దిలో వారిని కథొలిక్కు శాఖలో కలిపివేశారు. 1536లో కథొలిక్కు గురుత్వం విడిచిపెట్టిన మెన్నో సిమన్స్ పేరు ధరించిన మరొక పాయ హాలండు నుండి ప్రష్యాకు, అక్కడ నుండి దక్షిణ రష్యా మైదానాలకు వలసపోయింది. ఆ జర్మన్ భాషా రైతుల మధ్యనే 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ వేరుపడింది. నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మం విషయంలో బాప్టిస్టులతో వారికి ఏకీభావం కుదిరింది.

దక్షిణ రష్యాకు చెందిన అబ్రహాం ఫ్రీజెన్, మరియా దంపతులు 1889లో బయలుదేరి వచ్చి, 1890లో నల్గొండలో నివాసం ఏర్పరచుకున్నారు. వారు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆజమాయిషీ క్రింద పనిచేశారు. సూర్యాపేట, జనగామ మొదలైన చోట్ల కూడా రష్యా మెన్నొనైట్లే సేవ చేశారు. అదే కాలానికి మహబూబ్‌నగర్‌లో, అంటే నాటి పాలమూరులో, ఎల్బర్ట్ చ్యూట్ ఆధ్వర్యాన అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడి ఉన్నారు. 1899 నుండి అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరెన్ శాఖవారు సొంతంగా రావడం మొదలుపెట్టి, హైదరాబాదు, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, శంషాబాదులలో కేంద్రాలు నెలకొల్పారు.

వీరంతా నిజాం రాజ్యంలో పనిచేసిన పరాయి దేశస్థులు. వీరు ఇంగ్లీషు ప్రభుత్వానికి ఉద్యోగులు కారు, ఆ దేశపు ప్రజలూ కారు. మెదకు వెస్లియన్ల మాట వేరు. పాలమూరు క్రైస్తవాన్ని దొరతనపు మతమని త్రోసిపుచ్చేవారు ఈ చరిత్ర చదవవలసి ఉన్నది.

తారుమారైన రెండు క్షేత్రాలు

మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం రష్యా నుండి సాయాన్ని తెంచివేశాయి. ఫ్రీజెన్ పాదుకొల్పిన నల్గొండ క్షేత్రం క్రమంగా పూర్తిగా బాప్టిస్టు క్షేత్రమైపోయింది. తరువాత ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంలో భాగమైంది. ఇటు బాప్టిస్టులు నెలకొల్పిన మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలను 1937లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తీసుకున్నది. అనగా మెన్నొనైట్లు నాటిన చోట బాప్టిస్టులు మిగిలారు. బాప్టిస్టులు నాటిన చోట మెన్నొనైట్లు మిగిలారు. దేవరకొండ మాత్రం నల్గొండ జిల్లాలో ఉన్నా మెన్నొనైట్ పక్షాననే నిలిచింది.

ఈ మార్పులో గ్రామస్థుని విశ్వాసం మారలేదు. బాప్తిస్మ విధానం అదే, బైబిలు అదే, పాటల పుస్తకం అదే. మారినది జీతమిచ్చే మిషన్, బంగళాలోని దొర. మెన్నొనైట్ల ప్రత్యేక లక్షణమైన ఆయుధ నిరాకరణ ఇక్కడి బోధనలో ప్రధానాంశం కాలేకపోయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదకు వెస్లియన్లు అందులో చేరిపోయారు. బాప్టిస్టులు, మెన్నొనైట్లు, అమెరికన్ మెథడిస్టులు చేరలేదు. అప్పటికీ ఆ నిర్ణయాలు పైస్థాయి సభలవే.

అయితే శాఖాభేదం ఉత్త పేరుగా మిగిలిపోయిందనడం సరికాదు. కాలక్రమాన అది భాషలో ఇంకింది. కథొలిక్కులు జ్ఞానస్నానమన్న దానిని తక్కినవారు బాప్తిస్మమంటారు. కథొలిక్కులకు దివ్యపూజ, ఇతరులకు ఆరాధన. కథొలిక్కుల మేత్రాసనం దక్షిణ ఇండియా సంఘంవారికి అధ్యక్ష మండలం. ఎం.బి. చర్చిలో పీఠాధిపతి లేడు; పాస్టరు, సంఘ పెద్దలు ఉంటారు. ఒకరి మాట వినగానే ఆయన ఏ శాఖవాడో గుర్తుపట్టవచ్చు. బడి, ఆస్పత్రి, పెళ్ళి సంబంధాలు కూడా ఈ గిరిలోనే తిరిగాయి.

కులం, కాగితం

మిషన్లు గీసిన గీత కన్న పాతది, లోతైనది మరొకటి ఉన్నది. ఈ జిల్లాలలో క్రైస్తవం ఎక్కువగా మాదిగ, మాల వాడలలో వ్యాపించింది. ఒక్కొక్కరుగా కాక బంధువర్గాలుగా జనం మతంలోకి వచ్చారు. మహబూబ్‌నగర్ మెన్నొనైట్లపై పాల్ వీబ్ రచించి 1988లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం వారి చరిత్రకు ముఖ్యాధారం.

ఈ కుటుంబాల మతం ఏమిటన్న ప్రశ్నకు 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వేరొక చిక్కు తెచ్చింది. హిందువు కానివారిని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరాదని ఆ ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు లభించింది. క్రైస్తవులకు, ముస్లింలకు లభించలేదు. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గంగా ఉంచి, వారికి ఒక్క శాతం కేటాయించారు. మతంతో నిమిత్తం లేకుండా ఈ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను నియమించింది.

ఫలితం తెలిసినదే. ఆదివారం చర్చిలో కూర్చునే కుటుంబం కాగితం మీద హిందూ కుటుంబంగా ఉండవచ్చు. 2011 జనగణన తెలంగాణాలో క్రైస్తవులను 1.27 శాతంగా చూపింది. ఆ అంకె ప్రార్థించేవారి లెక్క అనుకొంటే పొరపాటు. ఫారములో ఆ మాట వ్రాయించినవారి లెక్క అది. వ్రాయించనివారిని కపటులని నిందించడం సులభం. కాని పిల్లవాని చదువునో, నౌకరీనో ఫణంగా పెట్టి సాక్ష్యం చెప్పమని ఒక పేద తండ్రిని నిలదీసే చట్టం న్యాయమైనదా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. ఇస్లాం స్వీకరించిన అట్టి కులాలవారికీ ఆ హోదా తలుపు ఇలాగే మూసి ఉన్నది గనుక ఈ ప్రశ్న పొరుగువారిది మాత్రమే కాదు.

మిషన్ల నాటి హద్దులు చాలావరకు చెదిరిపోయాయి. విదేశీ మిషనరీలు వెళ్ళిపోయారు. పాలమూరు కూలీలు నగరాలకు వలసపోయారు. హైదరాబాదులో భక్తసింగ్ నెలకొల్పిన హెబ్రోను సహవాసం, ఆపై పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు తాలూకా గీతలను లెక్కచేయలేదు. ఇట్టి స్థితిలో క్రైస్తవ పొరుగువారితో సంభాషించదలచిన ముస్లిం విద్యార్థి త్రిత్వ సిద్ధాంతం మీది పాత ఖండన గ్రంథాలతో ఆగిపోరాదు. ఎదుటివాడు ఏ శాఖవాడో, ఆ శాఖ అతని ఊరికి ఏ దారిన వచ్చిందో, అతని మతం పేరు చెప్పుకొనడానికి అతడు ఏమి చెల్లించవలసి వస్తున్నదో తెలుసుకొనడం మొదటి మెట్టు. న్యాయంగా వాదించాలన్నా, న్యాయంగా సాక్ష్యమివ్వాలన్నా అంతకు తక్కువ చాలదు.