ఫుట్‌బాల్ జ్ఞాపకాలకు ఇల్లేదీ?

మా భోగాపురంలో ఆటల చరిత్ర ప్రస్తావనకు వస్తే పెద్దలు మొదట తలచుకునేది విజ్జీనే. 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమారుడాయన. ఆయన ఆట గొప్పదా, హోదా గొప్పదా అన్న వాదన నేటికీ తెగలేదు గానీ, పేరు మాత్రం నిలిచింది. అంతకన్నా ఘనమైన చరిత్ర ఉన్న మన ఫుట్‌బాల్‌కు ఆ పాటి అదృష్టమూ దక్కలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బంతిని వెంటనే తోటివాడికి అందించడం అలవడాలని డ్రిబ్లింగు నిషేధించి పోటీలు పెట్టించేవారు. అలవాటులేని కాలితోనే ఆడాలంటూ మరికొన్ని పోటీలు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో, రహీం శిక్షణలోనే ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్ బారిన పడిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో 2001లో జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం తెరిచారు. 2012లో అది మాంచెస్టరుకు మారింది. అందులోని ముఖ్యమైన వస్తుసంపద హ్యారీ లాంగ్టన్ అనే పాత్రికేయుడు పోగుచేసినది. ఆ గదులకు విలువ తెచ్చింది ఆయన దాచిన పాత వస్తువులే.

మనం ఏం దాచుకున్నాం? సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై గోలు కొట్టిన తులసీదాస్ బలరాం, దూరాన బెంగాల్‌లోని ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయారు. ఆ తరువాతి ఏడాది వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రంతో రహీం పేరు మళ్ళీ వినిపించింది, సంతోషమే. అయితే సినిమాలో కనిపించేది వేషధారి తొడిగిన జెర్సీ. అసలైనది ఏ ట్రంకుపెట్టెలో చిమటల పాలవుతోందో!

భవనం, నిధులు తరువాతి సంగతి. మీ తాతగారో మేనమామో ఆ రోజుల్లో ఏ పోలీసు జట్టుకో, రైల్వే జట్టుకో ఆడి ఉంటే, వారి ఫోటో వెనుక పేరూ ఊరూ సంవత్సరమూ ఇవాళే రాసి పెట్టండి. చెప్పగలిగినవారు ఉండగానే ఆ పని జరగాలి. రేపు ఎవరైనా మ్యూజియం కట్టినా, పేరులేని ముఖాలను గోడకు తగిలించి ఏం లాభం?